వెనక ఎడమ పెట్టె

మా ఇంట్లో మగవాళ్లు నీళ్ల కోసం వంటింట్లోకి రారు. ఉన్నచోటి నుంచి "నీళ్లు" అంటే చెంబు వాళ్ల దగ్గరికి వెళుతుంది. అందుకే మా ఆయన పర్శరాములు తనంతట తాను కుర్చీలోంచి లేచి, నీళ్ల కోసం వంటింటి గడప దాటితే అది దాహం కాదని నాకు తెలుసు. ముందుగదిలో ఎవరో కూర్చున్నారు. ఏ రికార్డు కొనమంటావని అడిగారు. ఆయనకు జవాబు తెలియదు. కుండ దగ్గర వంగి చెంబు ముంచుతూ, నా వైపు చూడకుండా అడుగుతాడు. "డాక్టరు సాబ్ వచ్చిండు. షహనాయి గావాల్నట. ఏదియ్యాలె?" నేను పెనం మీద రొట్టె తిప్పుతూ చెబుతాను. "మూడో అర, నీలం అట్ట. నాలుగు పెట్టెలు పనిజేస్తయి. రెండో దిక్కు ముందుగాల వెట్టుండ్రి." ఆయన చెంబును గట్టు మీద పెట్టి వెళ్లిపోతాడు. నీళ్లు తాగడు. కాసేపటికి ముందుగదిలోంచి ఆయన గొంతు వినిపిస్తుంది. నా మాటలే, కొంచెం పెద్ద గొంతుతో. "డాక్టరు సాబ్, నా మాట ఇని నీలం అట్టది తీస్కపోండ్రి. రెండో దిక్కు ముందుగాల వెట్టుండ్రి." చెంబులో నీళ్లు నేను మళ్లీ కుండలో పోస్తాను.

ఇది వెయ్యిన్ని తొమ్మిది వందల ఎనభై ఆరు నాటి సంగతి. మంచిర్యాలలో స్టేషన్ రోడ్డు మీద మా ఆయనకు దుకాణం ఉంది. మొదట రేడియోలు బాగుచేసేవాడు. తర్వాత టేపు డెక్కులు అమ్మాడు. ఆ తర్వాత జగిత్యాల వైపు నుంచి దుబాయి పోయినవాళ్లు తిరిగి వస్తూ నాలుగు పెట్టెల సెట్టులు తేవడం మొదలైంది. పెట్టెలంటే స్పీకర్లు. ముందు రెండు, వెనక రెండు, మధ్యలో మనిషి. పాట ముందు నుంచే కాకుండా చుట్టూ నుంచి వస్తుంది. తెచ్చుకున్నవాళ్లకు దాన్ని అమర్చడం రాదు, దాని మీద ఏ రికార్డు వేయాలో తెలియదు. అమర్చడం మా ఆయన నేర్చుకున్నాడు. ఒక సెట్టు తనే కొని ఇంట్లో పెట్టాడు. దుకాణంలో పెట్టలేదు, ఎందుకంటే బొగ్గు రైలు పోయినప్పుడల్లా అక్కడ అద్దాలు అదురుతాయి. వినాలనుకున్నవాళ్లను ఇంటికి తెస్తాడు. గనుల మేనేజర్లు, డాక్టర్లు, రైసుమిల్లు వాళ్లు వచ్చేవారు. వచ్చిన ప్రతి మనిషికీ చాయ్ నేను పెట్టాలి, వాళ్లు పోయాక గది నేను ఊడవాలి, రికార్డులు తడి మల్లు గుడ్డతో నేను తుడవాలి. గది మధ్యలో కుర్చీ ఉంటుంది. దాని నాలుగు కాళ్ల కింద ఆయన నేల మీద తెల్లరంగుతో గుర్తులు పెట్టాడు. ఊడ్చేటప్పుడు కుర్చీ జరిపితే మళ్లీ ఆ గుర్తుల మీదే పెట్టాలి. ఒక్క అంగుళం పక్కకు పోయినా, "నీకు ఎన్నిమాట్ల చెప్పాలె, గిది కుర్చీ గాదు, మిషిని" అంటాడు.

ఆయన దుకాణానికి పోయి పిల్లలు బడికి పోయాక, మధ్యాహ్నం పూట, ఆ కుర్చీలో నేను కూర్చునేదాన్ని. రికార్డు తుడిచాక గీత పడిందో లేదో చూడాలి కాబట్టి వేసి వినమని ఆయనే చెప్పాడు. అలా మొదలైంది. గీత కోసం వినడం మొదలుపెట్టి మిగతాదంతా విన్నాను. నాలుగు పెట్టెలు ఉన్నంత మాత్రాన ప్రతి రికార్డులోనూ నాలుగు పెట్టెల పని ఉండదని నాకు వారం రోజుల్లో తెలిసింది. అట్ట మీద నాలుగు దిక్కుల బొమ్మ వేసి అమ్మే రికార్డుల్లో సగం మోసం. ముందు పెట్టెల్లో వచ్చేదే వెనక పెట్టెల్లో తక్కువ చప్పుడుతో వస్తుంది. గది నిండుతుంది, అంతే. కొన్నింట్లో వెనక పెట్టెలు ఊరికే చప్పట్లు కొడతాయి. కొన్ని మాత్రం వేరు. ఒక వయొలిన్ కచేరి ఉంది. అందులో వయొలిన్ ముందు కుడివైపు, మృదంగం ముందు ఎడమవైపు ఉంటాయి. వెనక కుడి పెట్టెలో ఎవరో ఒకాయన తాళం వేస్తుంటాడు. ఆయన మూడో చుట్టులో తప్పుతాడు, తప్పి దిద్దుకుంటాడు. ఆ తప్పు వినబడితే ఆ రికార్డు కొనవచ్చు. ఒక ఖవ్వాలీ రికార్డు ఉంది. పాడే ఆయన ముందు ఉంటాడు, వంత పాడేవాళ్లు వెనక నుంచి అందుకుంటారు. మనం వాళ్ల మధ్య కూర్చున్నట్టు ఉంటుంది. ఒక భజన రికార్డు ఏదో నది ఒడ్డున చేసింది. వెనక రెండు పెట్టెల్లో నీళ్లు ఉంటాయి, అవి కుడి నుంచి ఎడమకు పోతాయి. పెట్టెల వైర్లు తారుమారయితే నీళ్లు ఎదురు పారతాయి. సెట్టు కొత్తగా పెట్టుకున్నవాళ్లకు మొదట ఆ భజన ఇవ్వమని చెప్పింది నేనే. మా ఆయన ఆ మాటను జిల్లా అంతా చెప్పాడు. ఆదిలాబాదు నుంచి కూడా మనుషులు వచ్చి, "నీళ్లు పారే రికార్డు ఉన్నదట గదా" అని అడిగేవాళ్లు.

నాకు ఈ చెవి ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. అడిగితే సిరిసిల్ల నుంచి అని చెప్పేదాన్ని. మా బాపు లక్ష్మీరాజం సిరిసిల్లలో ఒక సేటు దగ్గర సాంచాలు నడిపేవాడు. సాంచాలంటే కరెంటుతో నడిచే మగ్గాలు. ఒక రేకుల షెడ్డు, అందులో ఇరవై నాలుగు సాంచాలు, బాపు వంతుకు నాలుగు. నేను మూలన కూర్చుని కండెలు చుట్టేదాన్ని. ఇరవై నాలుగు సాంచాలు ఒకేసారి నడుస్తుంటే మనిషి మాట మనిషికి వినబడదు. కానీ దారం తెగితే తెగిన సాంచా చప్పుడు మారుతుంది. ఏ సాంచా అని తల తిప్పకుండా చెప్పగలగాలి. తల తిప్పి వెతికేలోపల బట్ట పాడవుతుంది, పాడైన బట్ట సేటు తీసుకోడు. నాకు పదేళ్లు వచ్చేసరికి బాపుకు చెవులు పోవడం మొదలైంది. ఆ సంగతి సేటుకు తెలిస్తే పని పోతుంది. అందుకని నేను గోడ మీద సుద్దతో, బాపు సాంచాలు ఉన్న తీరుగానే, నాలుగు చుక్కలు పెట్టాను, ముందు రెండు, వెనక రెండు. దారం తెగినప్పుడు ఏ సాంచాదైతే ఆ చుక్క మీద వేలు పెట్టేదాన్ని. బాపు నా వేలు చూసి పోయేవాడు. ఆరేళ్లు ఆయనకు చెవి నేనే. పదహారో ఏట పెళ్లి చేశారు. నేను మంచిర్యాల వచ్చిన ఏడాదే సేటు బాపును పనిలోంచి తీసేశాడు.

రికార్డుల అట్టల మీద పెన్సిలుతో చుక్కలు పెట్టడం అందుకే నాకు కొత్త కాదు. అట్ట లోపలి వైపు, మూలన, నాలుగు చుక్కలు. ఏ పెట్టె దాని పని అది చేస్తుంటే ఆ చుక్కను నింపుతాను. ఊరికే ముందుదాన్ని అనుకరిస్తుంటే చుక్క చుట్టూ సున్నా చుడతాను. మా ఆయన మొదట చూసి పిల్లలు గీశారనుకున్నాడు. సంగతి తర్వాత తెలిసింది. నెల తర్వాత ఒక గని మేనేజరుకు అట్ట తీసి చూపిస్తూ, "ఇది నాలుగు చుక్కల పద్ధతి సార్, జపాన్ బుక్కుల చూసిన" అని చెబుతుంటే నేను గుమ్మంలో చాయ్ పళ్లెం పట్టుకుని ఉన్నాను. ఆయన నన్ను చూశాడు. చాయ్ తీసుకున్నాడు.

ఆయన చెడ్డవాడని ఈ ఊళ్లో ఎవరూ అనరు. తాగడు, కొట్టడు. నా చెవి గురించి మాత్రం ఒక మాట ఆయన నోట ఎప్పుడూ ఉంటుంది. అందరిముందు, నవ్వుతూ అంటాడు. "సాంచాల సంసారంల పుట్టింది సార్, జర గట్టిగ చెప్పాలె." వచ్చినవాళ్లు నవ్వుతారు, తర్వాత చాయ్ అడిగేటప్పుడు నాతో గట్టిగా మాట్లాడతారు. ఒకసారి ముందు కుడి పెట్టెలో సన్నగా జీర వస్తోందని చెప్పాను. "నీకు కుక్కర్ చప్పుడు తప్ప ఏమెర్క" అన్నాడు. వారం తర్వాత ఆ పెట్టె లోపలి కాగితం చిరిగింది. ఎలుక కొరికిందన్నాడు.

మా అత్తమ్మ కనకవ్వ మంచం ముందుగదిలోనే ఉంటుంది, వెనక ఎడమ మూలన. ఆ మూల పెట్టె సరిగ్గా ఆమె తల మీద గోడకు ఉంటుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మా ఆయన సెట్టు పెట్టినప్పుడు ఆమె చెవులు మూసుకుని గోడవైపు తిరిగి పడుకునేది. తల మీద రోకలి దంచినట్టుందిరా అని కొడుకుకు చెప్పింది. పెట్టె జరిపితే లెక్క తప్పుతుందన్నాడు. మంచం జరపమంది. మంచం జరిపితే వచ్చినవాళ్లకు అడ్డమన్నాడు. పోయిన ఏడు బతుకమ్మ పండుగకు ముందు ఆమెకు జ్వరం వచ్చింది. ఆ రోజు పొద్దున నేను మంచం వెనక చేయి పెట్టి ఆ పెట్టె వైరు ఊడదీశాను. కొస రాగి తీగ దేనికీ తగలకుండా పాత చీర అంచు ముక్క చుట్టి ముడి వేశాను. సాయంత్రం ఆయన వస్తాడు, వింటాడు, ఏమైందని అడుగుతాడు, అప్పుడు చెబుదాంలే అనుకున్నాను. ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

సాయంత్రం వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. రెండు రికార్డులు విన్నాడు. లేచి అన్నానికి వచ్చాడు.

మర్నాడు రైసుమిల్లు ఆయన వచ్చాడు. మా ఆయన ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి వెనక నిలబడి, "గా ఎడమ దిక్కు ఎనుకకు ఇనుండ్రి, ఎంత సాఫ్ వస్తున్నదో" అన్నాడు. రైసుమిల్లు ఆయన కళ్లు మూసుకుని తల ఊపాడు. నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను. అత్తమ్మ మంచం మీద నుంచి నావైపు చూసింది.

అప్పటి నుంచి అది మా ఇద్దరి సంగతి అయింది. మధ్యాహ్నం ఆయన లేనప్పుడు ముడి విప్పి వైరు కలుపుతాను. చప్పుడు తగ్గించి నాలుగు పెట్టెలూ వింటాను, అట్టల మీద చుక్కలు పెడతాను. అత్తమ్మ కూడా వింటుంది. ఆమెకు సితారు ఇష్టమని నాకు ఆ మధ్యాహ్నాల్లోనే తెలిసింది. పిల్లలు వచ్చే వేళకు వైరు తీసి ముడి వేస్తాను. ఈ రోజు కనిపెడతాడేమో అని మొదటి నెల రోజూ చూశాను. రెండో నెల చూడటం మానేశాను. చలికాలం అత్తమ్మకు దగ్గు పట్టింది. ఆయన కుర్చీలో కూర్చుంటే ఆమె సరిగ్గా ఆయన వెనక ఎడమవైపు దగ్గేది. ఆయన తల తిప్పేవాడు కాదు. మందు నేను తెప్పించాను. మనుషులు వస్తూ ఉన్నారు, కుర్చీలో కూర్చుంటూ ఉన్నారు, మోగని పెట్టెను మెచ్చుకుంటూ ఉన్నారు. మేనేజర్లు మెచ్చుకున్నారు. డాక్టరు మెచ్చుకున్నాడు. ఒక లెక్చరరు ఆ మూల నుంచి వచ్చే ధ్వనిలో లోతు ఉందన్నాడు.

ఎండాకాలం పోయాక హైదరాబాదు నుంచి లక్ష్మణ్‌రావు అనే ఆయన వచ్చాడు. నాలుగు పెట్టెల సెట్టులు తయారుచేసే ఒక కంపెనీ మనిషి. సెట్టు కొన్న ప్రతివాళ్లకూ దాంతోపాటు ఒక చిన్న పుస్తకం ఇవ్వాలని కంపెనీ అనుకుందట. నాలుగు పెట్టెల మీద వినదగిన యాభై రికార్డులు, ఏది ఎందుకు వినాలి, దేంట్లో ఏం వినాలి. ఉత్తర జిల్లాల్లో ఎవరిని అడిగినా మంచిర్యాల పర్శరాములు పేరే చెప్పారట. పుస్తకం మీద పేరు ఉంటుంది, వెనక అట్ట మీద ఫోటో ఉంటుంది. మా ఆయన ఆ రోజు మూడుసార్లు నీళ్లకు వచ్చాడు.

ఆ పుస్తకం నేను వంటింట్లో చెప్పాను, ఆయన గుమ్మంలో పీట మీద కూర్చుని రాసుకున్నాడు. రోజుకు రెండు రికార్డులు. నేను కూర తరుగుతూ చెబుతుంటే, "జర ఆగు, ఆగు" అంటూ రాసేవాడు. నేను చెప్పిన మాటలు కాగితం మీద పడుతుంటే చూడటం నాకు బాగుండేది. అది దాచను. మొదటి రికార్డుగా సితారు కచేరి చెప్పాను. ఇంగ్లండులో అచ్చయి దుబాయి మీదుగా వచ్చిన రికార్డు అది. అందులో తంబుర ఒక్క వెనక ఎడమ పెట్టెలోనే ఉంటుంది. ఇంకెక్కడా లేదు. "తంబుర వినబడితేనే మీ సెట్టు సరిగా అమరినట్టు. వినబడకపోతే ముందు వైరు చూసుకోండి" అని చెప్పాను. ఆయన రాసుకున్నాడు. ఆ రికార్డును మొదట కావాలనే చెప్పాను. రాస్తున్నప్పుడైనా లేచి వెళ్లి వింటాడేమో అనుకున్నాను. లేవలేదు. "రెండోది చెప్పు" అన్నాడు.

ఇరవై రెండు అయ్యాక ఒక మధ్యాహ్నం అడిగాను. అడగడానికి నాలుగు రోజులు పట్టింది. "పుస్తకం మీద నా పేరు గూడ వెట్టుండ్రి" అన్నాను. ఆయన నవ్వాడు. కోపం లేదు, నిజంగా నవ్వు వచ్చింది. ఆడవాళ్లు చెప్పారంటే సెట్టు ఎవరు కొంటారన్నాడు. నేను కూర తరగడం ఆపాను. అది చూసి, "సరె తియ్, లోపటి పేజీల కింద ఏపిస్త. సహకారం, శ్రీమతి పర్శరాములు. ఖుషియేనా?" అన్నాడు. ఆ పేరులో నేను ఎక్కడ ఉన్నానో వెతికాను. నర్మద అనే నా పేరు ఆరేళ్లు సాంచాల షెడ్డులో ఎవరికీ వినబడలేదు, అక్కడ చప్పుడు. ఇక్కడ చప్పుడు లేదు.

లక్ష్మణ్‌రావు రెండోసారి వచ్చింది శ్రావణమాసంలో, పొద్దున పదింటికి. ఇరవై రెండు రికార్డుల రాతప్రతి చూసుకుని పోదామని వచ్చాడు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అత్తమ్మను కొంచెం సేపు వెనకింట్లో కూర్చోమన్నాడు. కాళ్ల నొప్పులు, లేవలేనంది. లక్ష్మణ్‌రావు కుర్చీలో కూర్చున్నాడు. మా ఆయన సితారు రికార్డు వేసి, పక్కన నిలబడి రాతప్రతి మొదటి పేజీ చదివాడు. నేను చాయ్ పళ్లెం తెచ్చాను. పాట నడుస్తోంది. ముందు పెట్టెల్లో సితారు, వెనక కుడి పెట్టెలో తబలా. నాలుగో మూల గోడ మాత్రమే ఉంది.

"తంబుర వినబడితేనే మీ సెట్టు సరిగా అమరినట్టు" అని మా ఆయన చదివాడు.

లక్ష్మణ్‌రావు కళ్లు మూసుకున్నాడు. చేయి ఎత్తి ఎడమ భుజం మీదుగా వెనక్కి చూపించాడు. "అబ్బ. గా తంబుర చూడన్నా, చెవిల జెప్పినట్టున్నది."

"రోజు ఇంటున్న గదా," అన్నాడు మా ఆయన.

నేను పళ్లెం స్టూలు మీద పెట్టాను. "ఆ పెట్టెకు వైరు లేదు," అన్నాను.

సితారు నడుస్తూనే ఉంది. మా ఆయన నావైపు చూసి, లోపలికి పొమ్మని కళ్లతో చెప్పాడు. నేను నిలబడ్డాను. "బతుకమ్మ పండుగకు ముందు తీసిన. పది నెలలాయె. తంబుర గా పెట్టెల తప్ప ఇంకెక్కడ లేదు" అన్నాను. లక్ష్మణ్‌రావు లేచి వెళ్లి అత్తమ్మ మంచం మీదుగా వంగి చూశాడు. వైరు వేలాడుతోంది, కొసన చీర అంచు ముక్క, ముడి. ఆయన ఆ ముడిని వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు చూశాడు. అప్పుడు నాకు ఒక ఆశ కలిగింది. ఇప్పుడు ఆయన తిరుగుతాడు, ఈ ఇరవై రెండు ఎవరు విన్నారమ్మా అని అడుగుతాడు అనుకున్నాను. జవాబు సిద్ధంగా ఉంది, ఒక్క మాట.

ఆయన ముడి విప్పాడు. వైరు పెట్టెకు కలిపాడు. తంబుర వచ్చింది. ముందు చిన్నగా, తర్వాత గది ఆ మూల నిండుగా. ఆయన మొహం ఒక క్షణం మారింది. అది నేను చూశాను, నేను చూడటం ఆయన చూశాడు. తర్వాత చేతులు దులుపుకుని మా ఆయనతో అన్నాడు. "లూజ్ కాంటాక్టన్నా. పాట నడుస్తుండంగ ఇప్పుడే పోయినట్టున్నది. ఇందాక ఎట్ల వచ్చిందో మల్ల గట్లనే వస్తున్నది సూడు."

"గదే, గదే," అన్నాడు మా ఆయన. "నాల్గు రోజుల సంది ఆ వైరు పరేషాన్ జేస్తున్నది."

లూజ్ కాంటాక్టుకు ఎవరూ ముడి వేయరు. చీర అంచు ముక్క నేల మీద పడి ఉంది, ఇద్దరూ దాన్ని దాటి వచ్చారు. అప్పుడు మంచం మీద నుంచి అత్తమ్మ మాట్లాడింది. గోడవైపు తిరిగే మాట్లాడింది.

"లూజూ లేదు, గీజూ లేదు. బిడ్డ వైరు దీసింది, నేను సూసిన. సలికాలమంత గీడనే పండి దగ్గితి. నా దగ్గే ఇనబడలె వానికి. గా పెట్టె ఇనబడ్తదా?"

లక్ష్మణ్‌రావు నవ్వాడు. పెద్దమనిషికి ఎన్నేళ్లన్నా అని మా ఆయనను అడిగాడు. డెబ్బై దాటినయి, మతి ఉంటలేదు అని మా ఆయన చెప్పాడు. ఇద్దరూ చాయ్ తాగారు. మిగతా ఇరవై ఎనిమిది రికార్డుల సంగతి నెలలోపల పోస్టులో పంపాలని, అవి అందాకే అచ్చుకు ఇస్తారని, ఫోటో కూడా పంపమని చెప్పి లక్ష్మణ్‌రావు రాతప్రతి సంచిలో పెట్టుకున్నాడు. పోతూ పోతూ నాతో, "చాయ్ మంచిగున్నది చెల్లెమ్మా" అన్నాడు. గట్టిగా అన్నాడు, నాకు వినబడేట్టు.

మా ఆయన ఆయన్ను స్టేషనులో దింపి వచ్చి ఇజ్జత్ తీశానన్నాడు. పరాయివాళ్ల ముందు మొగని మాట కొట్టిపారేసే ఆడది ఏ ఇంట్లోనూ ఉండదన్నాడు. సహకారం అని వేయిస్తానన్నాను కదా, ఇంకేం కావాలన్నాడు. వైరు ఎందుకు తీశావని మాత్రం అడగలేదు. పది నెలలు తనకు ఎందుకు వినబడలేదని కూడా అడగలేదు. అన్నం తిని దుకాణానికి పోయాడు.

ఆ మధ్యాహ్నం పిల్ల పెన్సిలు డబ్బాలోంచి రబ్బరు తీసుకున్నాను. మొదటి అర నుంచి మొదలుపెట్టాను. అట్ట తెరిచి, మూలన నాలుగు చుక్కలు చెరిపి, పొడి ఊది, మళ్లీ అరలో పెట్టడం. నీలం అట్ట షహనాయి. తాళం తప్పే వయొలిన్. వెనక నుంచి అందుకునే ఖవ్వాలీ. నీళ్లు పారే భజన. ఒక్కొక్కటి చెరుపుతుంటే ఏ చుక్క నింపి ఉందో చూడకుండానే నాకు తెలుస్తోంది. సాంచాల షెడ్డులో గోడ మీద చుక్కలు బాపు కోసం పెట్టాను. నా కోసం కాదు. వినబడేవాళ్లకు చుక్కలతో పని లేదు. బాపు నా వేలు చూసి సాంచా దగ్గరికి పోయి దారం ముడేశాక, తిరిగి నావైపు చూసి తల ఊపేవాడు. ప్రతిసారీ ఊపేవాడు. నాకు చెవులు లేవు బిడ్డా, నీవే నా చెవులు అని ఇంటికి వచ్చాక నన్ను కన్న మా అవ్వ ముందు అనేవాడు. ఆ మాట కోసమే ఆరేళ్లు గోడ దగ్గర నిలబడ్డానని ఆ మధ్యాహ్నం నాకు తెలిసింది. మంచిర్యాలలో పద్నాలుగేళ్లు దేని కోసం నిలబడ్డానో ఆలోచించాను. రబ్బరు అయిపోయింది. మర్నాడు ఇంకొకటి తెప్పించాను.

మూడు మధ్యాహ్నాలు పట్టింది. మూడో రోజు అత్తమ్మ ఏం చేస్తున్నావు బిడ్డా అని అడిగింది. తుడుస్తున్నానని చెప్పాను. కాసేపు చూసి, "అన్ని తుడిచినవా?" అంది. అన్నీ అన్నాను. "అయితె గా సితారుది జర వెయ్యి. నువ్వు గూసో" అంది. వేసి, కుర్చీలో కూర్చున్నాను. తెల్ల గుర్తుల మీద నుంచి దాన్ని ముందే జరిపాను, అత్తమ్మ మంచం దగ్గరికి. అక్కడ నుంచి తంబుర ఎక్కువ వినబడుతుంది, మిగతావి తక్కువ. లెక్క ప్రకారం అది తప్పు చోటు. రికార్డు రెండు దిక్కులూ అక్కడే కూర్చుని విన్నాం.

సోమవారం పొద్దున మందమర్రి నుంచి ఒక గని మేనేజరు వచ్చాడు. కొత్త సెట్టు పెట్టుకున్నాడు, కూతురు పెళ్లికి బంధువులు వస్తారు, మంచివి పది రికార్డులు కావాలి. మా ఆయన అరల దగ్గర నిలబడి ఒక అట్ట తెరిచాడు. ఇంకొకటి తెరిచాడు. మూడోది వెలుతురుకు పట్టి చూశాడు. నేను పెనం మీద రొట్టె వేస్తూ అట్టలు తెరిచిన చప్పుడు వింటున్నాను. ఏడు తెరిచాడు. తర్వాత చెప్పుల చప్పుడు, గడప.

కుండ దగ్గరికి వంగబోయాడు. నేను అంతకుముందే చెంబు ముంచి అందించాను.

"చుక్కలేమైనయే?" అన్నాడు, మెల్లగా.

నేను రొట్టె తిప్పాను.

"మేనేజర్ సాబ్ గూసున్నడు. పది గావాలె. ఏవియ్యాలె?"

"నీళ్లు తాగుండ్రి," అన్నాను.

ఆయన నావైపు చూశాడు. నీళ్లకని వంటింట్లోకి వచ్చి నావైపు చూడటం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. ముందుగదిలో మేనేజరు గొంతు సవరించుకున్నాడు. ఆయన చెంబులోకి చూశాడు, గుమ్మం వైపు చూశాడు, మళ్లీ నావైపు చూశాడు. రెండో రొట్టె పెనం మీద వేశాను. ఆయన చేతిలో చెంబు ఉంది, చేయడానికి ఇంకేమీ లేదు.

ఆయన చెంబు ఎత్తి నీళ్లు తాగాడు.